పిచ్చుకలు మూయించిన వీధి తలుపు

వసంతకాలం ప్రవేశించినదంటే మా నరసింగరావు తన ఇంటి వీధి తలుపు మూసివేసేవాడు. ద్వారబంధం మీద గూడు కట్టిన పిచ్చుకలు పిల్లలను చేసుకొని ఎగిరిపోయేవరకు ఆ తలుపు ఎవరికోసమూ తెరవబడేది కాదు. ఆయనకు గల చాదస్తం ఇదొక్కటే. అయితే ఈ ఒక్కటీ పది చాదస్తాల పెట్టు.

రామతీర్థానికి కూతవేటు దూరంలోని మా ఊళ్ళో ఆయన సేద్యం చేసుకునేవాడు. నేను తాలూకా కచేరీలో ఉత్తరాలకు నకళ్ళు వ్రాసేవాడిని. ఇళ్ళు పక్కపక్కనే గనుక బావా అంటే బావా అని పిలుచుకునేవారము.

పక్షుల విషయంలో ఆయన ఏర్పాట్లు లోపరహితములు. చూరుకు వరికంకుల కుచ్చులు. పెరట్లో మూకుళ్ళనిండా నీళ్ళు. ఎండకు ఆ నీళ్ళు కాగినవేమోనని వేలు ముంచి చూచి, మార్చి పోసేవాడు. మా పిల్లి అటు వెళ్ళినప్పుడల్లా దానికి పెరుగన్నం పెట్టేవాడు.

"పిల్లిని మేపుతున్నావేమిటి బావా?"

"కడుపు నిండితే దానికి పిట్టల మీద మనసు పోదు బావా. సూడు, ఎలగ తొంగున్నాదో!"

తలుపు మూసిన నాటినుంచి వచ్చినవారెవరైనా సందు తిరిగి, గడ్డిమేటు దాటి, ఆవును తప్పించుకొని పెరటిదారినే రావలెను. టీకాల ఇన్‌స్పెక్టరు గారికి సైతం మినహాయింపు లేదు.

"ఏమయ్యా, దొంగలాగ వెనకనుంచి రమ్మంటావా నన్ను?"

"దొంగయితే ముందునుంచే వచ్చీవోడు బాబూ. తవరు పెద్దోరు, పిట్టల బాధ తెలిసినోరు. రండి, ఆవు తన్నదు."

ఆ పెరట్లో ఆయన చెల్లెలు జగ్గమ్మ ఉండేది. చిన్ననాడే భర్త పోయినాడు. శుభకార్యానికి వెళ్ళేవారికి తాను ఎదురుపడరాదని, ఎవరి అడుగుల చప్పుడు వినబడినా గడ్డిమేటు చాటుకు తప్పుకొనేది. వీధిలో మేళం వెళుతూ ఉంటే గోడకు చెవి ఆనించి నిలబడేది. అటుతరువాత మా ఇంటావిడను పిలిచి, పెళ్ళికూతురు ఏ రంగు చీర కట్టినది, నవ్వినదా, తల వంచుకున్నదా అని అడిగి తెలుసుకొనేది. నరసింగరావు భార్య పోయిన పిమ్మట, పద్మకుమారిని పెంచి పెద్దదానిని చేసినది ఈమెయే.

పందొమ్మిదివందల అరవై ఎనిమిదవ సంవత్సరంలో పద్మకుమారిని చూచుటకు భోగాపురం నుంచి పెళ్ళివారు వచ్చుటకు నిశ్చయమైనది. నరసింగరావు అక్కగారు లక్ష్మీనరసమ్మ ముందే వచ్చి, ఆ పూట జగ్గమ్మ మా ఇంట్లో ఉండవలెనని ఉత్తరువు చేసినది.

"పద్మకి జడ అల్లేసి వచ్చీస్తాను బావా," అన్నది జగ్గమ్మ నాతో. "అబ్బాయి ఎలగుంటాడో మీ ఇంటావిడ సూసి సెప్తాది కదేటి."

నేను నరసింగరావును గట్టిగా మందలించితిని.

"వైశాఖం వచ్చినది బావా. పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయి ఉండును. పెళ్ళివారికైనా వీధి తలుపు తెరిపించు."

"నేదు బావా. రెండో కాన్పు."

"నిరుడు మూడో కాన్పు అంటివి!"

"అది నిరుటి పిట్ట."

పెళ్ళివారిని తీసుకొనివచ్చుటకు ఆయన బండి కట్టుకొని వెళ్ళినాడు. నేను పీట వేసుకొని గూటిలోనికి తొంగిచూచితిని. గుడ్లు లేవు, పిల్లలు లేవు. సాలెపట్టు మాత్రమున్నది. నాకు కోపము వచ్చిన మాట వాస్తవము.

ఇంతలో అనుకున్న వేళకంటే ముందే బండి వచ్చినది. జగ్గమ్మ పెరటి వాకిలి దాటబోవుచుండగా పెళ్ళివారు అదే వాకిట లోపలికి అడుగుపెట్టినారు. తప్పుకొనుటకు మరొక దారి లేదు. ఆమె వాకిలి పక్కనున్న నూతి దగ్గర కొయ్యబారిపోయినది. వంటింటి గుమ్మంలో లక్ష్మీనరసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

నరసింగరావు ఏమీ జరగనట్లే, "మా సెల్లెలు జగ్గమ్మ. పిల్లని పెంచినాది ఇదే. ఏటడగాలన్నా ముందు దీన్నే అడగండి," అన్నాడు.

పెళ్ళికొడుకు తల్లి జగ్గమ్మను చూచినది, మూకుళ్ళను చూచినది.

"ఏటమ్మా, నీళ్ళు పిట్టలకేనా? మా కాళ్ళకి నేవా?"

జగ్గమ్మ చెంబు కోసం పరుగెత్తినది.

ఆ తల్లి ఇక లోపలికి రాలేదు. నూతి చప్టా మీద చతికిలబడి, పిల్లకు కోపం వస్తుందా, ఉప్పు ఎక్కువ తింటుందా అని జగ్గమ్మనే అడిగినది. కాఫీలు అక్కడికే వెళ్ళినవి. పెళ్ళికొడుకు ఆవు పక్కన నిలబడి త్రాగినాడు. జగ్గమ్మ అతనిని కన్నార్పక చూచినది. సంబంధం అక్కడే ఖాయమైనది.

ఏళ్ళ తరబడి మా ఊరు ఆ పెరటిదారిన నడుచుటకు కారణం నాకప్పుడు బోధపడినది. గడ్డిమేటు చాటుకు తప్పుకొనే మనిషి, దారి ఆ గడ్డిమేటు పక్కనుంచే గనుక, పిట్టల పుణ్యమా అని రోజుకు నలుగురితో మాట్లాడుతూ వచ్చినది.

సాయంకాలం జగ్గమ్మ మూకుళ్ళు కడుగుచుండగా, గూటి సంగతి చెప్పవలెనా వద్దా అని తటపటాయించుచు నిలబడితిని. ఆమె తల ఎత్తకుండానే అన్నది:

"గూడు ఖాళీ అని నాకెప్పుడో తెలుసు బావా. నాకు తెలుసని అన్నయ్యకి మాత్రం సెప్పకు, సిగ్గుపడి తలుపు తీసీగలడు. ఆడికి అబద్ధం ఆడ్డం సరిగ్గా రాదు. అందుకే ఊరోళ్ళు నమ్మీలాగ రోజూ తెల్లారగట్ల నానే ఆ గూటికింద నాలుగు గడ్డిపరకలు పడేసి వస్తన్నాను."