సాంబయ్య చనిపోయాడని రాశాను

ఈ మాట ఏళ్ల తరబడి నా గొంతులోనే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

విస్సన్నపేట దగ్గర ఒక పల్లెటూరి హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారిని. బడులకు సాయం చేసే ట్రస్టులకు ప్రపోజల్స్ రాయడంలో నాకు పేరుంది. పక్క ఊళ్ల టీచర్లు కూడా వచ్చి రాయించుకుంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి.

అప్పట్లో మా బడిలో ఆడపిల్లలకు మరుగుదొడ్లు లేవు. వానొస్తే గదులు కారి పిల్లలంతా వరండాలోకి వచ్చేసేవాళ్లు. ఉన్నదున్నట్టు రాసి ఒక ట్రస్టుకు పంపాను, కుదరదన్నారు. మళ్లీ రాశాను, మళ్లీ అదే జవాబు. చివరికి ట్రస్టు ఆఫీసులో ఒకాయన ఫోన్లో మర్యాదగానే చెప్పాడు: "గోడలూ కప్పులూ అందరూ రాస్తారండీ. ఒక పిల్ల కథ ఉంటే చదివేవాళ్ల మనసు కదులుతుంది."

నాకు వెంటనే ఎనిమిదో తరగతి నాగమణి గుర్తొచ్చింది. ఆ పిల్లే ఎందుకు? బాగా చదువుతుందనా? వాళ్ల నాన్న సాంబయ్య నిలదీసి అడిగే మనిషి కాదనా? రెండోదే నిజమని ఇప్పుడు అనిపిస్తోంది. సాంబయ్య మామిడి తోటల్లో కూలికి వెళ్తాడు. ఆ వేసవి కోతల్లో కొమ్మ మీంచి జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నేను ఆ విరిగిన చెయ్యి దగ్గర ఆగలేదు. చెట్టు మీంచి పడి చనిపోయాడని రాశాను. తండ్రి లేని ఆ పిల్ల చదువు నిలబడాలంటే మా బడి బాగుపడాలని రాశాను. రాస్తుంటే నాకే కళ్లు చెమర్చాయి. ఏ దుఃఖానికి చెమర్చాయో, సిగ్గు లేకుండా.

సాయం మంజూరైంది. మరుసటి ఏడాది తోటలు పూతకొచ్చే వేళకు గదులు లేచాయి. ప్రారంభోత్సవానికి ట్రస్టు వాళ్లు వస్తున్నారనగానే భయం పట్టుకుంది. నాగమణిని పక్కకు పిలిచి, నాన్న గురించి ఎవరేం అడిగినా మాట్లాడొద్దని చెప్పాను. ఎందుకని అడిగింది. బడి కోసం అన్నాను. సరేనంది.

ఆ రోజు సాంబయ్య పూతకు మందు కొట్టే పనికి వెళ్లాడు. హెడ్మాస్టారు బయట షామియానా దగ్గర ఉన్నారు. కొత్త గదిలో ట్రస్టు వాళ్లూ, నేనూ, నాగమణీ. వాళ్లలో ఒకావిడ పిల్లను దగ్గరికి తీసుకుని, "మీ నాన్న పైనుంచి అంతా చూస్తూనే ఉంటారమ్మా" అంది. నాగమణి నా వైపు చూసింది. ఆ చూపు అర్థం కాలేదని నేను చెప్పలేను. మొహం తిప్పుకున్నాను. పిల్ల నోరెత్తలేదు.

మర్నాటి నుంచి బడికి రాలేదు. కొన్నాళ్లకు సాంబయ్య వచ్చాడు, గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పిల్ల బడికి రానంటోందండీ మాస్టారూ. నా మొహం చూస్తే చాలు ఏడుస్తోంది. ఇక్కడేమన్నా జరిగిందాండీ?"

"ఏం జరగలేదు సాంబయ్యా."

"ఎవరన్నా ఏమన్నా అన్నారేమోనని."

"ఎవరంటారు? ఆ వయసు పిల్లలు అంతే. నాలుగు రోజులు పోతే అదే వస్తుందిలే."

"మీరొక్కసారి వచ్చి చెబితే వింటదండీ. మీరంటే దానికి గురి."

వస్తానన్నాను. వెళ్లలేదు. పని ఒత్తిడని నాకు నేను చెప్పుకున్నాను గాని, అసలు సంగతి వేరు. పిల్ల బడికి రాకపోతే ఆ మాట బయటికి రాదు. ఒక తండ్రి నన్ను నమ్మి గుమ్మంలో నిలబడితే, లోపల నేను ఊపిరి పీల్చుకున్నాను. రాసిన అబద్ధం కన్నా ఇదే నన్ను ఎక్కువ తింటోంది.

ఆ వేసవికి నాగమణి కాయలు గ్రేడింగు చేసే షెడ్డులో పనికి కుదిరింది. ఇంట్లో ఏమీ చెప్పలేదు. చెప్పి ఉంటే సాంబయ్య దారిలో సైకిలు దిగి నాకు నమస్కారం పెట్టడు. ఇప్పటికీ పెడుతున్నాడు.

నేను మాత్రం ఆగలేదు. ఇంకా రాశాను. మీటింగుల్లో కుర్ర టీచర్లకు పాఠం కూడా చెప్పాను, ఒక పిల్ల కథ ఉండాలని. మరుగుదొడ్లు ఈ రోజుకీ ఆడపిల్లలకు పనికొస్తున్నాయి. ఇంతమందికి మేలు జరిగింది కదా అని ఎన్నోసార్లు అనుకోబోయాను. నాగమణి బడికి దూరమవడం ఆ మేలుతో ఎలా చెల్లుతుంది?

సాంబయ్యకు చెప్పే ధైర్యం నాకు ఇంకా రాలేదు. వస్తుందని మాట ఇవ్వలేను. అతను బతికి ఉండగానే చనిపోయాడని రాశాను, అతని కూతురి చేత అవునన్నట్టు మౌనంగా ఉండేలా చేశాను, అడగడానికి వస్తే ఏం జరగలేదన్నాను. ఈ మూడూ ఒకచోట చెప్పడం ఇదే మొదలు. ఊపిరి కాస్త ఆడుతోంది.