అత్త ఇచ్చిన గాలం

పెళ్లయి అండమాన్ వచ్చిన మొదటి నెలలోనే నాకు తిరిగి వెళ్లిపోవాలనిపించింది. వాన ఆగదు. పక్కింటి దీదీ హిందీలో పలకరిస్తే బదులివ్వడం రాదు. మా ఆయన పడవెక్కితే ఎప్పుడొస్తాడో తెలియదు. రంగత్ దగ్గర ఆ రెండు గదుల ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. విశాఖ ఓడ ఎప్పుడని రోజూ అడిగి మా అత్త ప్రాణం తోడేసేదాన్ని.

ఒకరోజు ఆవిడకు విసుగెత్తింది.

"ఒక్క చేప నీ చేత్తో పట్టీయే. పట్టిననాడు నానే విశాఖ జహాజెక్కించీస్తాను. మావోడికి నాను సెప్పుకుంటాను" అంది.

నేను చేప పట్టడమా? మా శ్రీకాకుళం ఒడ్డున ఆడవాళ్లం చేపలు ఎండబెడతాం, గంప నెత్తికెత్తుకొని ఊరూరా అమ్ముతాం. వలనీ గాలాన్నీ మాత్రం ముట్టుకోం. పొరపాటున దాటినా వేట పాడైందని తిడతారు. మా అత్తదీ ఆ ఒడ్డే. అయినా గాలం కట్టి డబ్బాకు చుట్టిన నైలాన్ తాడు నా చేతిలో పెట్టి సముద్రం వైపు నడిచింది. ఇక్కడ తిట్టేవాళ్లెవరులే అనుకుని నేనూ వెనకాలే వెళ్లాను.

ఆవిడ చెప్పింది తక్కువే. పోటు ఎక్కుతున్నప్పుడు రావాలట. అల తెల్లగా విరగని చోటు చూసుకోవాలట, ఆ నల్లటి నీటి కింద గొయ్యి ఉంటుంది, చేప అక్కడే మేస్తుంది. దూరం విసరడం గొప్ప కాదంది. నాకేమో దూరంగానే విసరాలని. విసిరితే గాలం పగడపు రాళ్లలో చిక్కి, సీసం గుండుతో సహా తెగిపోయేది. తాడు వేలి మీద పెట్టుకుని ఊరుకోమంది. నేను ఊరుకుంటానా? ఎర ఉందో లేదో అని క్షణానికోసారి లాగి చూసేదాన్ని. నీళ్లకు వీపు పెట్టి నిలబడ్డానని ఒక అల నన్ను బోర్లా పడేసింది. ఆవిడ పడీ పడీ నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

అయినా రోజూ వెళ్లేదాన్ని, పుట్టిల్లు చేరాలన్న పంతంతో. ఒక సాయంత్రం బిగుతుగా ఉన్న తాడు ఉన్నట్టుండి వదులైంది. తెగిందనుకుని చుట్టబోతే అత్త నా చెయ్యి పట్టుకుంది. చేప ఒడ్డువైపు వస్తోంది, లాగకుండా వెనక్కి నడువు, మిగతాది అల చూసుకుంటుంది అంది. నడిచాను. మూరెడు పార చేప ఇసుక మీద వచ్చి పడింది. ఆనందంతో కేక పెట్టాను.

మర్నాడు ఆవిడ నా పెట్టె సర్దుతూ కనిపించింది. నిజంగానే పంపిస్తావా అత్తా అని అడిగాను.

"మాటిచ్చినాను కదేటే. నాను వచ్చినప్పుడూ నీలాగే ఏడ్చినాను. నన్నెవలూ ఎక్కించలేదు."

ఓడెక్కాను. అమ్మ ఒళ్లో పడి ఏడ్చాను, కడుపునిండా తిన్నాను, కొన్నాళ్లు హాయిగా ఉన్నాను. ఆ తర్వాత మళ్లీ కాలు నిలవలేదు. పెట్టె అడుగున చూస్తే ఆ గాలం డబ్బా ఉంది. అత్తే పెట్టింది. తీసుకుని పొద్దున్నే ఒడ్డుకు వెళ్లాను. మా పెదనాన్న పరుగెత్తుకొచ్చి దాన్ని నా చేతిలోంచి లాక్కున్నాడు. ఆడది గాలం పడితే మా వేట ఏం కావాలని అందరి ముందూ తిట్టాడు. నేను నీళ్లవైపు తిరిగాను. అల విరగని చోటు నా ఎదురుగానే ఉంది.

ఇంటికి వెళ్లి, అండమాన్ ఓడ ఎప్పుడని అమ్మను అడిగాను.