పదిగంటల నీళ్లు

1979లో వానలు మొదలయ్యే వేళకి నేను భిలాయిలో ఒక చిన్న నీటి పరీక్షశాలలో జూనియర్ కెమిస్టుగా చేరాను. అంతకుముందు విశాఖలో సముద్రజలాల మీద పరిశోధన చేసేవాణ్ణి. నీళ్లలో ఆక్సిజన్, నత్రజని, భాస్వరం ఎలా తిరుగుతాయో, ఆ తిరుగుడు మీద చేపల బతుకు ఎలా ఆధారపడుతుందో కొలవడం మా పని. ఉపకార వేతనం ఆగిపోవడంతో సముద్రమన్నది లేని ఊరికి వచ్చిపడ్డాను. ఇక్కడ రోజూ బోరునీళ్లే. రుఆబాంధాలోని అద్దె ఇంట్లో నాకు కాలు నిలిచేది కాదు. ఊరికే వీధి చివరిదాకా వెళ్లి వస్తుంటే నా భార్య నవ్వేది, అటు వెళ్తే సముద్రం రాదని.

ఆ ఏడు నాలుగు రోజులు ముసురు పట్టింది. ఒక ఉదయాన క్యాంప్ 2 అనే కూలీల బస్తీ వెనక చెరువులో చేపలు తెల్లగా తేలాయి. చెరువు కౌలుకు తీసుకుని చేపపిల్లల్ని వదిలినవాడు అప్పల్రాజు, శ్రీకాకుళం నుంచి వచ్చిన కూలీల మేస్త్రీ. ఎవరో విషం కలిపారని మా దగ్గరికి వచ్చాడు. మా దగ్గర నమూనా తీసేది ఉదయం పదింటికి. జనరల్ షిఫ్టు సిబ్బంది జీపెక్కి చేరే వేళ అది. ఎండ కాసిన రోజు చూసి తీశారు. విషం లేదు, ఆక్సిజన్ పుష్కలంగా ఉంది. నీటిలో దోషం లేదని రిపోర్టు వెళ్లింది.

వారం తిరక్కుండా అప్పల్రాజు కృతజ్ఞతతో వచ్చాడు.

"మీ కాయితం బాగా పనికొచ్చినాది సాబ్. నీల్లలో ఏటీ నేదని మీరే రాసినారు. మరింక మిగిలింది ఆ పైడమ్మే గదా."

పైడమ్మ అదే బస్తీలో చేపలమ్ముకునే మనిషి. ధర దగ్గర ఇద్దరికీ తగాదా వచ్చి, నీ చేపలు కుళ్లిపోనని తిట్టిందట. వారానికే చేపలు చచ్చాయి. మనవాళ్లు చిల్లంగి, చేతబడి అన్నారు. పక్కనున్న ఛత్తీస్‌గఢీలు టోన్హీ అన్నారు, వాళ్ల మాటలో మంత్రగత్తె. నీళ్ల కుళాయి దగ్గర ఒక్కమాట మీదికి రాని జనం ఈ ఒక్క విషయంలో ఏకమైపోయారు. ఆదివారం బస్తీ పంచాయితీలో ఆమె గుడిసె పీకించి ఊరవతలికి పంపాలని నిశ్చయం. ఒక ఆడమనిషిని వీధిలో పడెయ్యడానికి మూఢనమ్మకానికి ఒక సాక్షి కావలసివస్తే, ఆ సాక్ష్యం మా ప్రయోగశాల ఇచ్చింది.

చేపలు తేలింది తెల్లవారేసరికి. మేం నీళ్లు తీసింది పదింటికి. సముద్రం మీద పనిచేసినవాడెవడికైనా ఈ తేడా తడుతుంది. నీళ్లలో కంటికానని నాచు ఎండ ఉన్నంతసేపు ఆక్సిజన్ వదులుతుంది. చీకటి పడ్డాక అదే నాచు పీల్చుకుంటుంది. బస్తీ మురుగంతా చెరువులోకే పోతుంది. మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచు ఆకుపచ్చటి పులుసులా పెరిగింది. ముసురు రోజుల్లో పగటి సంపాదన లేదు, రాత్రి ఖర్చు తగ్గలేదు. తెల్లవారేసరికి చేపలకు ఊపిరి లేదు. చచ్చిన చేపలు అందులోనే కుళ్లాయి కాబట్టి ముసురు వెలిసినా రాత్రి ఖర్చు తగ్గి ఉండదు.

తెల్లవారుజామున నమూనా తీస్తానని మా సీనియర్ కెమిస్టుని అడిగాను. "దస్ బజే కా రూల్ హై," అన్నాడాయన తల ఎత్తకుండా. రూలు పదింటిదట. సీసాలూ మందులూ సొంత పూచీ మీద సైకిలుకు కట్టుకుని వెళ్లాను.

పరీక్ష తేలిక. సీసాను బుడగ రాకుండా నీళ్లలో ముంచి నింపి, మాంగనీస్ లవణం, ఆ తర్వాత క్షారం కలిపిన అయొడైడు వెయ్యాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే తెల్లటి మడ్డి. గట్టు మీద పదిమంది చూస్తుండగా తెల్లటి మడ్డి దిగింది. గెలిచాననుకున్నాను.

అప్పల్రాజు సీసాను వెలుగుకెత్తి చూసి, తీరిగ్గా అన్నాడు.

"తెల్లారగట్ల ఈ గట్టుకొచ్చేది ఆ పైడమ్మొక్కర్తే సాబ్. మీ సీసా కూడా అదే సెప్తంది."

జనం తలలూపారు. నాకు ఒళ్లు మండింది. కాని అతని తర్కం తప్పని చెప్పడానికి నా సీసా ఒక్కటే చాలదు. అందుకే అన్నాను: ఆవిడ బస్తీలో లేని తెల్లవారుజామున చూద్దాం, సీసా నువ్వే ముంచు.

పైడమ్మ మొదట ఒప్పుకోలేదు. "నానెందుకు ఎల్లాల బాబూ? ఎల్తే, తప్పు సేసి పారిపోనాదంతారు." చివరికి అప్పల్రాజు భార్య కాపలాగా వచ్చేటట్టు ఒప్పందం కుదిరింది. ఇద్దర్నీ రుఆబాంధాలో మా ఇంట్లో ఉంచాం. రాత్రంతా ఒకర్నొకరు తిట్టుకుని, పొద్దున్నే ఒకే గిన్నెలో చద్దన్నం తిన్నారని నా భార్య తర్వాత చెప్పింది.

మర్నాడు తెల్లవారుతుండగా సీసా అప్పల్రాజు ముంచాడు. తెలుపు. నన్ను నమ్మక తనకు నచ్చిన మూలకు పోయి ముంచాడు. తెలుపే. మధ్యాహ్నం ఎండెక్కాక, నేను అడక్కుండానే పైడమ్మను పిలిపించి ఆమె చేతే సీసా ముంచమన్నాడు. గోధుమరంగు. ఆ ఆలోచన నాది కాదు, అతనిది. ఆ రోజు చెరువుగట్టు మీద నాకన్నా బాగా ప్రయోగం చేసినవాడు అతనే.

సీసా కింద పెట్టి అప్పల్రాజు నావైపు తిరిగాడు.

"అయితే నా సేపల్ని సంపిందెవలు సాబ్?"

మురుగూ, మబ్బూ అన్నాను. అతని ముఖం చూస్తే నేను శత్రువును లాక్కున్నట్టుంది. మబ్బును తిట్టడమెలా, మురుగు గుడిసె పీకడమెలా? అయినా ఆదివారం పంచాయితీలో లేచి నిలబడి, తప్పు నీళ్లదేనన్నాడు. సభ గొణుక్కుంటూ లేచిపోయింది. గుడిసె నిలిచింది. మురుగు కాలువ మళ్లించడానికి మాత్రం మరో రెండేళ్లు పట్టింది.

పైడమ్మ నాకు దండం పెట్టలేదు. "మొదటి కాయితం కూడా మీదే గదా బాబూ," అని మాత్రం అంది.

మా ప్రయోగశాలలో నేను రిటైరయ్యేదాకా నమూనాలు పదింటికే తీశారు. నా సంతకంతో వెళ్లిన ప్రతి రిపోర్టులోనూ ఫలితం పక్కన నీళ్లు తీసిన వేళ రాశాను. ఆ వేళ తప్ప మిగతా వేళల గురించి మాకు తెలియదని కూడా రాశాను. పై అధికారులు రెండో వాక్యాన్ని చాలాసార్లు కొట్టేశారు. నేను మళ్లీ రాశాను.