బోర్డుకు తగిలించిన సద్దిసంచి

ఈ సంగతి అప్పుడే రాసిపెట్టుకుని ఉండేదాన్ని. కానీ ఆ రోజుల్లో నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు మా నాయన మేకలు అప్పజెప్పి గుట్టకు పంపాడు కానీ పలక ఇచ్చి బడికి పంపలేదు. ఆయన్ను తప్పు పట్టను. మా వాడలో ఆడపిల్లలందరం మేకల వెంట పోయినవాళ్లమే. నలభై దాటాక రాత్రిబడిలో నేర్చుకున్నాను.

మాది కంబదూరు పక్క చిన్న ఊరు. ఊరు దాటితే ఎర్రనేల, నల్లగుండ్లు, మధ్యలో తారురోడ్డు. చలికాలంలో ఆ రోడ్డే మాకు కళ్లం. ఉలవచెట్లు పీకి రోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బస్సులూ లారీలూ తొక్కిపోతాయి. మేము గట్టున కూర్చుని, బండి పోగానే లేచి తిరగేస్తాం. డ్రైవర్లు తిట్టుకుంటూనే తొక్కేవాళ్లు. నాకు ఆ పని ఇష్టం. ఎండ వెచ్చగా ఉంటుంది. గొర్రెలమందలు పోతుంటాయి. మిల్లు వైపు నుంచి వేరుశనగ పొట్టు గాలికి లేచివచ్చి తలలో చేరుతుంది.

ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగకుండానే ఎండిపోయింది. చివరి వానకు చల్లిన ఉలవలు మాత్రం చేతికొచ్చాయి. వేసవి దాకా మాకూ ఎద్దులకూ అవే దిక్కు. మా ఇంటాయన బెంగుళూరుకు కూలికి పోయి ఉన్నాడు. ఒక పొద్దున పంటంతా బండిలో తోలుకొచ్చి రోడ్డు మీద పరిచాను. పక్కనే కొత్తగా పాతిన రేకు బోర్డు ఉంటే, సద్దిసంచి దానికి తగిలించాను.

మధ్యాహ్నమైనా ఒక్క బస్సూ రాలేదు. తూర్పున మబ్బు కమ్ముకుంది. తడిస్తే ఉలవలు కాయలోనే మొలకెత్తుతాయి, పొట్టు కుళ్లిపోతుంది. ఏటా వాన కోసం మొక్కే మనిషిని, ఆ రోజు వద్దని మొక్కాను.

రోడ్డు పక్కన టీ హోటలు నడిపే ఆమెను నేను వదినా అంటాను, ఆమె కూడా నన్ను అట్లాగే పిలుస్తుంది. గ్లాసులు కడిగిన నీళ్లు పారబోయడానికి బయటికొచ్చి నన్ను చూసింది.

“ఏం వదినా, ఎవురి కోసం కూచోనుండావు?”

“బస్సు కోసం.”

“యాడికి పోతావు?”

“యాడికీ పోను. ఉలవలు తొక్కిచ్చేదానికి.”

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. “సంచి తగిలిచ్చినావే, ఆ బోర్డు మీదనే రాసినారు. ముందర వంక మీది మోరీ పగలగొట్టి కొత్తది కడతాండారు. బస్సులన్నీ వేరే దావన పోతాండాయి.”

“రాసింటే నాకేం తెలుస్తాది? రేకు గట్టిగా ఉండాదా లేదా అని చూసినా, అంతే.”

అంతలో మోరీ పనికి గుట్ట నుంచి రాళ్లు తోలే ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు పంటను చూసి రోడ్డు దిగి పక్కనుంచి పోబోయాడు. నేను అడ్డం నిలబడ్డాను.

“ఏమక్కా, బతకాలని లేదా?”

“పక్కకు దిగద్దప్పా. మీదనే పో.”

“ఇది కంట్రాక్టరు బండి, కళ్లం బండి కాదు.”

“తొక్కినందుకు నేనేం దుడ్లు అడగనులే.”

“తొక్కకుంటే నీకీడ టీ లేదు,” అంది వదిన వెనక నుంచి.

అతను తల కొట్టుకుని బండిని పంట మీదనుంచే పోనిచ్చాడు. ఉత్త ట్రాక్టరుతో తిరిగొచ్చేటప్పుడూ అటే వచ్చాడు. అట్లా సాయంత్రం దాకా తిరుగుతూనే ఉన్నాడు. నేను తిరగేస్తూనే ఉన్నాను. మబ్బుగాలి మాకే పనికొచ్చింది. వదిన పొయ్యి ఆర్పి చేట తెచ్చి నాతో పాటు తూర్పారబట్టింది. డ్రైవరు తన పట్ట తెచ్చి పొట్టు మీద కప్పాడు. ఆఖరి మూట హోటల్లోకి చేర్చేసరికి చినుకులు మొదలయ్యాయి. వానను తిట్టుకోకుండా, అందులో తడుస్తూనే ఇంటికి పోయాను.

మరుసటి రోజు పొద్దున ఉలవ గుగ్గిళ్లు ఉడకబెట్టి తీసుకుపోయి, డ్రైవరుకూ వదినకూ పెట్టాను. సద్దిసంచి తడిసి ఇంకా బోర్డుకే వేలాడుతోంది. దాన్ని తీసి చంకన పెట్టుకుని, వదినను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, బోర్డు మీద ఉన్నదంతా ఒక్కో మాట మీదా వేలు పెట్టి చూపిస్తూ చదవమన్నాను.