తడి బొటనవేలు

దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి పాపను ఒళ్లో పెట్టుకున్న నా పక్కన కూర్చున్నామె, నా సంచిలోని పాలపొడి డబ్బానే చాలాసేపు చూసింది.

"జర ఇటియ్యి చెల్లె" అని అడిగి తీసుకుంది. డబ్బా తిరగేసి, బొటనవేలు నాలుకతో తడి చేసుకుని, అడుగున ఉన్న తేదీని గట్టిగా రుద్దింది. అంకెలు చెదరలేదు.

"మంచిదే. పాపకు పట్టొచ్చు."

"ఏం చూశారక్కా?" అన్నాను.

ఆమె గొంతు తగ్గించింది. "మా గోదాంల గడువైపోయిన డబ్బాల మీది పాత తేదీ థిన్నర్‌తోని తుడిచి కొత్తది కొడతం. గట్ల కొట్టింది తడి తగిలితే పోతది."

"తప్పని మీ సార్‌కి చెప్పలేదా?"

"చెప్పిన. నువ్వు తుడ్వకుంటే ఇంకొకామె తుడుస్తది అన్నడు. గది నిజమే గదా అని మళ్ల పనిల కూసున్న."

ఆమె వేలికొసల్లో తోలు ఊడిపోయి ఉంది. ఎల్బీనగర్‌లో దిగబోతూ నా ఒళ్లోని పాప పాదం ముట్టుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"డ్యూటీకి టైమైతుంది" అని దిగిపోయింది.

పాప ఇప్పుడు బడికి వెళుతోంది. ఇంట్లోకి ఏ డబ్బా వచ్చినా తిరగేసి, బొటనవేలు తడి చేసుకుని రుద్దుతుంది. నన్ను చూసే నేర్చుకుంది. ఎందుకని మాత్రం ఇంకా అడగలేదు.