టేపు అయిపోయిన చోట

చాప ఈ కొసకు లాక్కుని దగ్గరగా కూర్చోండి. నా ఈడువాళ్లయితే గోడకు ఆనుకోండి, నడుములు ఊరుకోవు. ఒక ఇంగ్లీషు పాటల బ్యాండును పడుచుతనం నుంచి ప్రేమించి, చివరికి తిట్టడం మాత్రమే మిగిలిన సంగతి చెబుతాను.

మొన్న ఆదివారం నా తమ్ముడు ఆదోని నుంచి బస్సులో ఎమ్మిగనూరు వచ్చి, చెప్పులు విడవకముందే జేబులోంచి ఫోను తీశాడు. ఆ బ్యాండువాళ్ల కొత్త ఆల్బమ్ వచ్చిందట. కొత్తది ఎప్పుడు వచ్చినా నా మగ్గం పక్కన కూర్చుని ఇద్దరం కలిసి వినాలన్నది మా ఇద్దరి మధ్య పాత కట్టడి. ఈసారి మాత్రం వాడి ముఖంలో వెనకటి తొందర లేదు, భయం ఉంది.

ఆ భయం సంగతి చెప్పేముందు ఆ పాటలు మా ఇల్లు చేరిన వైనం చెప్పాలి. వాడు ఆదోని జిన్నింగ్ మిల్లులో పనికి చేరిన కొత్తలో, రైల్వే స్టేషను దారిలో క్యాసెట్లకు పాటలు ఎక్కించి ఇచ్చే ఒక భాయి అంగడి ఉండేది. బెంగళూరు నుంచి ఎవరో తెచ్చిన ఆ పాటలను భాయి ఒక క్యాసెట్‌లోకి ఎక్కించి వీడి చేతిలో పెట్టాడు. గిటార్లు, డ్రమ్ములు హోరెత్తించే ఆ రకాన్ని ప్రోగ్రెసివ్ మెటల్ అంటారట. మూడో తరగతితో బడి మానినదాన్ని, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మిల్లు రొదంతా మోసుకొచ్చి నా ఇంట్లో పోశావా అని కసిరాను. కానీ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి నేస్తూ వింటే సంగతి వేరుగా తోచింది. సినిమా పాటకూ నా కాళ్లకూ ఎప్పుడూ పొత్తే. కుడికాలు, ఎడమకాలు, పాట, మూడూ కలిసి జోకొడితే కునుకు వచ్చేది. ఈ పాటలో దరువు ఏడు దెబ్బలకు తిరిగేది కనుక, ఒక చుట్టులో కుడికాలి మీద పడిన దెబ్బ మరు చుట్టులో ఎడమకాలి మీద పడేది. నాతో పోట్లాడి పోయి మళ్లీ నా దగ్గరికే వచ్చే పాటను వినడం అదే మొదలు.

అన్నిటిలోకీ చివరి పాట గొప్పది. గిటారు మెట్టు మీద మెట్టు ఎక్కుతూ పోయి, ఇక పైన ఆకాశమే అన్నచోట పడుగు పోగు తెగినట్టు టక్కున తెగిపోయేది. అటూ ఇటూ పేక పోగు నడిపే నాడె నా చేతిలోనే ఆగిపోయేది. ఇంత ధైర్యంగా పాటను ఆపగలవాళ్లు లోకంలో మరొకరు లేరని మేమిద్దరం తీర్మానించుకున్నాం.

రెండో ఆల్బమ్ కూడా మంచిదేననుకున్నాను, మోజులో ఉన్నాను కదా. మూడోదానికి వాళ్లకు తమ వేళ్ల మీదే మోజు పుట్టింది. సంతలో తప్పిపోయిన మేకపిల్ల మాదిరి గిటారు మీద ఒకటే పరుగు, ఎక్కడికో వాళ్లకే తెలియదు. ఆ తర్వాత కథలు మొదలుపెట్టారు. ఎవరో చచ్చిపోవడం, ఎవరో కలగనడం, మధ్యలో గడియారం టిక్కుటిక్కు, వాన చప్పుడు. మా సీమలో వానకు కరువే, కానీ క్యాసెట్ కొని వినేంత కరువు కాదు.

సీడీలు వచ్చినాక తమ్ముడు ఆ మొదటి ఆల్బమ్‌నే మళ్లీ కొని తెచ్చాడు. చివరి పాట తెగే చోటికి వచ్చింది. తెగలేదు. ఎక్కిన గిటారు బుద్ధిగా మెట్లు దిగింది, పిల్లనగ్రోవి వచ్చింది, ఎవరో ఆడమనిషి మూలిగింది, ఆఖరున సముద్రపు అలలు. మేమిద్దరం ముఖాలు చూసుకున్నాం. భాయి క్యాసెట్‌లో టేపు అక్కడికి అయిపోయింది, అంతే. ఇన్నేళ్లూ మేము చేతులెత్తి మొక్కింది ఆ మహానుభావులకు కాదు, అయిపోయిన టేపుకు. తమ్ముడు ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. వీళ్లకంటే టేపుకే బుద్ధి ఎక్కువని నేను ఆ క్యాసెట్‌ను భద్రంగా దాచుకున్నాను.

ఇక వాడి భయం. మిల్లు రొదలో బతుకంతా గడిపిన చెవులు వాడివి. డ్రమ్ము దెబ్బ ఇంకా అందుతుంది, గిటారు సన్నని తీగ అందదు. చెవి మిషను పెట్టుకుంటే అన్నీ కలిసి గీమంటాయట.

"ఇంట్లో పాటలు ఇని కోడలు 'శానా బాగుంది మామా' అనె, మనవడూ అట్లనే అనె. మంచి పాటలన్నీ నా చెవులు పోయినాకనే చేసినట్టుండారక్కా. నువ్వు సెప్పు, దాచాకు" అన్నాడు.

ఒక్క మంచి ముక్కైనా దొరుకుతుందేమోనని చివరిదాకా విన్నాను. ప్రతి దెబ్బా పక్క దెబ్బకు కవలపిల్ల. పవర్‌లూమ్ మీద నేసిన గుడ్డ తాను మాదిరి ఎక్కడా ఎగుడుదిగుడు లేదు, ఎక్కడా మనిషి చెయ్యి లేదు. వాడి చెవి దగ్గర నోరు పెట్టి వీధికంతా వినపడేటట్టు చెప్పాను.

"చచ్చు పాటలప్పా! గంజి ఎక్కువైన గుడ్డ మాదిరి బిర్రుగా నిలబడతాండాయి. పాడేటోడు పన్ను నొప్పి లేసినట్టు మూలుగుతాండాడు."

"నిజంగానా? తీగ గుడక బాగల్యా?"

"తీగా? దోమ నయం. నీ మీద ఒట్టు, నువ్వు పోగొట్టుకున్నది ఏమీ ల్యా."

వాడు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఇంగా తిట్టక్కా" అన్నాడు. మొదటి పాట నుంచి ఆఖరుదాకా, ఒక్కొక్కదాన్నీ వరసబెట్టి, కడుపునిండా తిట్టాను. తర్వాత పాత టేప్‌రికార్డరు దించి, దాచిన భాయి క్యాసెట్‌లో ఆ చివరి పాట పెడితే, వాడు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. గిటారు ఎక్కుతున్నది వాడికి అందలేదు, దరువు మాత్రం చేతికి అందింది. పాట తెగిన క్షణానే వాడి చెయ్యి పైకి లేచింది.

ఇప్పటి ఫోనులో పాటకు ఆగడం తెలియదు. ఒకటి అయ్యీ కాకముందే అడగని ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. నాడె ఆపుకుని ఎదుటి మనిషి ముఖం చూసేంత సందు కూడా ఇవ్వదు.

సరే, పొద్దుపోయింది, లేవండి. మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ పిల్లాపాపలు కళకళలాడాలి. బాగుందని చెప్పేవాళ్లు ఎటూ ఉంటారు. బాగలేదని చెవిలో అరిచి చెప్పే మనిషి ఒక్కరైనా మీ ఇంట కలకాలం ఉండుగాక.