మూసే మీట లేని కంప్యూటర్

అతన్ని అందరూ కోతలరాయుడనే పిలిచేవారు. అతని లెక్క ప్రకారం రెండో ఏడాదిలో అతను కాలేజీ మానలేదు. నేర్పడానికేమీ మిగలక కాలేజీయే చేతులెత్తేసింది. తను గట్టిగా తుమ్మితే వీధి మొత్తానికి ఇంటర్నెట్ వేగం పెరిగిందని కూడా ఒకసారి చెప్పాడు. నమ్మినవాళ్ళు లేరు, వినడం మానినవాళ్ళూ లేరు.

అతని అక్క అచ్చాఫీసులో బడి పుస్తకాల పేజీలు కూర్చేది. ఆ ఏడాది ఆమె కుడిచెయ్యి వణకడం మొదలైంది. వేళ్ళు కీబోర్డు మీటల మీద ఆనితే వణుకు అణిగేది గాని, మౌస్ పట్టుకుంటే తెర మీద బాణం ఈగలా తిరిగేది. సోమవారం తన ఎదుట ఒక పేజీ కూర్చి చూపించమనీ, కుదరకపోతే వేరొకరిని చూసుకుంటాననీ యజమాని మెత్తగానే చెప్పాడు.

ఆ మాట విని తమ్ముడు, మౌస్‌నే ఉద్యోగంలోంచి పీకేస్తానన్నాడు. యజమానిని అడిగి ఆమె పాత కంప్యూటర్‌ను ఇంటికి మోసుకొచ్చాడు. అందులో ఉన్నది లినక్సే, వాడేవాళ్ళు ఎలా కావాలంటే అలా మార్చుకోగలిగే వ్యవస్థ. దాని బరువైన హంగులన్నీ ఊడబీకి, కిటికీలను తెర మీద సర్దడం తప్ప మరేమీ ఎరగని ఒక చిన్న విండో మేనేజర్‌ను పెట్టాడు. దానికి ఏం చెప్పాలన్నా ఒక్క ఫైల్లో రాయాలి. రెండు రోజులు తిండి ధ్యాస లేకుండా రాశాడు. మౌస్ అక్కర్లేకుండా మీటలతోనే పని జరిపే నలభై షార్ట్‌కట్లు, అవతలిది కనిపించే గాజు కిటికీలు, వెంట్రుకంత సన్నని నీలి అంచులు. ఇలాంటిది భూమ్మీద ఇంకొకటి లేదని ప్రకటించాడు.

అక్క కూర్చుంది. పది నిమిషాల్లో సగం పేజీ మాయమైంది. పక్క కిటికీకి వెళ్ళే మీటను ఆనుకునే కిటికీ మూసే మీట ఉంది. వణికే వేలు దాన్ని తాకింది.

"ఇది నాకోసం చేశావా, నీ ఫ్రెండ్సుకి చూపించుకోడానికా?" అంది.

తమ్ముడు ఆదివారమంతా ఆమె వెనక స్టూలేసుకుని, ఏ పనికి ఏ చెయ్యి ఎన్నిసార్లు కదులుతోందో కాగితం మీద గీతలు పెట్టాడు. చివరికి తేలినవి ఏడు పనులు. మిగతా షార్ట్‌కట్లన్నీ చెరిపేసి, ఆ ఏడింటినీ ఎడమచేతి కిందికి ఎడంఎడంగా జరిపాడు. గాజు తీసేశాడు, అంచులు లావు చేశాడు. మూసే మీటను అసలు ఉంచనేలేదు.

సోమవారం కంప్యూటర్‌ను మళ్ళీ అచ్చాఫీసులో పెట్టాక యజమాని కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు. తమ్ముడు గుమ్మంలో నిలబడ్డాడు. తెర మీద ఎడమ సగంలో పాఠం రాసిన మాస్టారి రాతప్రతి, కుడి సగంలో పేజీ. మౌస్ సొరుగులో ఉంది. పేజీ పూర్తయింది. యజమాని రెండు తప్పులు పట్టుకున్నాడు; రెండూ మాస్టారివే.

ఎన్ని షార్ట్‌కట్లని యజమాని అడిగితే కోతలరాయుడు నోరు తెరిచి, నలభై అనబోయి మానుకుని, "ఏడండి" అన్నాడు.

యజమాని మూసే గుర్తు కోసం తెర మీది కిటికీ మూలల్లో వెతికాడు.

"దీన్ని మూయడమెలాగమ్మా?"

"మూయడం దీంట్లో లేదండి. రేపొచ్చి ఇక్కణ్ణించే మొదలెడతాను."

ఆయన మిగతా పాఠాల కట్ట తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.